పాలాశ ద్వారం

పొద్దు బారెడెక్కింది. తెల్లవారేదాకా బూడిదకొండను చుట్టుకుని పడుకున్న మంచు తెరలు తెరలుగా విడిపోతుంటే, లోయ నిండా పరుచుకున్న మోదుగ అడవి తడిసిన వెడల్పాటి ఆకులతో తళతళలాడింది. సెలయేళ్ళు నల్లరాళ్ళ మీద వెండి జరీ పోగుల్లా జారుతున్నాయి. పొదల్లో కముజు పిట్టలు కూస్తున్నాయి. ఇంత శోభ కళ్ళెదుట ఉన్నా, దాన్ని తలెత్తి చూడని మనిషి ఒకడు అక్కడ ఉన్నాడు. అడవి అంచున ఒక పూరిపాక ముందు చతికిలబడి, మోదుగాకులను సన్నటి పుల్లతో కలిపి విస్తరి కుట్టడానికి తంటాలు పడుతున్నాడు.

ఆ పాకలో అతని పేరు సోమన్న. హేలాపురి కోటలో అయితే యువరాజు అరిందముడు.

అతని గురువు దేవరాతాచార్యుణ్ణి బూడిదకొండ మాంత్రికుడు జటిలుడు ఎత్తుకుపోయి ఆరు నెలలైంది. పాత తాళపత్రాల్లోని మంత్రాలకు అర్థం చెప్పించుకోవడానికి ఆయన్ని కొండమీది కోటలో బంధించాడు. ఆ ముసలాయన ఎలాగో ఒక పావురాన్ని మచ్చిక చేసుకుని, దాని కాలికి చిన్న తాటాకు ముక్క కట్టి హేలాపురికి పంపాడు. అందులో ఉన్నది ఒక్క ముక్కే: ‘పాలాశ ద్వారాన రా. తక్కినవాటి జోలికి పోకు.’

నిండు సభలో ఆ తాటాకు చదివినప్పుడు మంత్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అరిందముడు మాత్రం క్షణం ఆలోచించలేదు. పలాశమంటే మోదుగ చెట్టని, మోదుగ పువ్వు నిప్పులా ఎర్రగా ఉంటుందని, కాబట్టి గురువు చెప్పింది ఎర్ర వాకిలి గురించేనని గడగడా చెప్పేశాడు. సభ అంతా భేష్ అంది. రాజు పొంగిపోయి కొడుకు భుజం తట్టాడు. ఆ మర్నాడే పదకొండుగురు భటులతో యువరాజు బయలుదేరాడు. దారిలో ఏరు దాటేచోట బరువులు మోయడానికి ఒక కూలివాణ్ణి కూడా పిలుచుకున్నాడు.

కొండమీద జటిలుడి కోటకు ముందువైపు రెండు వాకిళ్ళున్నాయి. ఒకటి పసుపు, ఒకటి కెంపులు తాపినట్టు ధగధగలాడే ఎరుపు. ఎర్ర వాకిలి ముందు బయ్యన్న అనే భటుడు కొంచెం వెనకాడాడు. తన ఇల్లు ఈ కొండ కిందే ఉందని, ఇక్కడి వాళ్ళకు కోట సంగతులు కాస్త తెలుసునని, ఆ మాటకు అర్థం ఒకసారి అడిగి వద్దామని వినయంగా చెప్పాడు.

“విస్తళ్ళు కుట్టుకునేవాళ్ళనా నేను అర్థం అడగవలసింది?” అన్నాడు అరిందముడు. మిగతావాళ్ళు నవ్వారు. బయ్యన్న తల దించుకుని అందరికంటే ముందు లోపలికి నడిచాడు.

పన్నెండుగురూ గడప దాటారు. వాళ్ళ వెనక అడుగు వేయబోతున్న యువరాజు కళ్ళముందే బయ్యన్న పాదాలు బూడిదరంగు రాయిగా మారాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత నడుము. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే రాయైపోయింది. ఎవరో “ప్రభూ” అని పిలిచారు. ఆ పిలుపు గొంతులో సగమే మిగిలిపోయింది. యువరాజు గడప మీది కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అతను చేసిన పని ఒక్కటే. పరుగెత్తాడు. కిరీటం ఒక పొదలో, కత్తి ఒక వాగులో పోయాయి. కొండ దిగి స్పృహ తప్పి పడిపోతే, ఆకు కోయడానికి వచ్చిన ఒకావిడ చూసి, మోసుకొచ్చి, గంజి తాగించి బతికించింది.

ఆవిడ పేరు ఈరమ్మ. బయ్యన్న భార్య.

ఆ సంగతి అరిందముడికి రెండో రోజున తెలిసింది. అప్పటికే తను దారితప్పిన బాటసారినని, పేరు సోమన్న అని చెప్పి ఉన్నాడు. ఆవిడ ఏమీ అనుమానించలేదు. తన భర్త యువరాజుగారి వెంట కొండెక్కాడని, నేడో రేపో దిగివస్తాడని చెప్పింది. యువరాజు చదువుకున్నవాడనీ, ఆయన వెంట వెళ్ళినవాళ్ళకు భయం లేదనీ బయ్యన్నే ఆమెతో అన్నాడట. ఆ మాట విన్న అరిందముడు కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. నిజం చెప్పాలని నోరు తెరిచాడు. ఉప్పు సరిపోయిందా అని ఆవిడ అడిగింది. సరిపోయిందన్నాడు. అలా ఏడు రోజులు గడిచాయి.

ఎనిమిదో రోజైన ఆ ఉదయం ఈరమ్మ పాకలోంచి ఒక పాత పట్టుచీర తెచ్చి ఎండలో ఆరేసింది. ఆకుపచ్చ రంగు. చిలకపచ్చ కాదు, గరికపచ్చ కాదు. వానాకాలం చివర ముదిరిన ఆకు మీద కాస్త నలుపు కలిసినట్టు నిండుగా, మెత్తగా ఉండే పచ్చ. అమ్మవారి జాతరకు పూజారి పాలాశ వస్త్రం అడిగాడని, తన పెళ్ళిచీర ఆ రంగే కనుక ఇస్తున్నానని చెప్పింది.

అరిందముడి చేతిలోని పుల్ల ఆగింది. “ఏ వస్త్రం?”

“పాలాశం. అదీ తెలీదా నీకు?”

అది ఎరుపు కదా, మోదుగ పువ్వు రంగు కదా అన్నాడు. తన గొంతు తనకే వేరేవాళ్ళ గొంతులా వినిపించింది.

ఈరమ్మ నవ్వింది. “పువ్వుదేముంది బాబూ, ఏడాదిలో పదిహేను రోజులుంటుంది, రాలిపోతుంది. చెట్టుకి ఎప్పుడూ ఉండేది ఆకేగా. మా పూజారయ్య చెప్పాడు, పెద్దల భాషలో పలాశమంటే అసలు ఆకేనంట. ఏ చెట్టు ఆకైనా సరే. మా మోదుగకి ఇంత పెద్ద ఆకు ఉంది కాబట్టి ఆ పేరు దానికి నిలిచిపోయింది. పలాశం రంగు పాలాశం. అంటే ఆకుపచ్చే. ఇది మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు.”

ఒక్క మాట. ఎనిమిదేళ్ళ వయసులో గురువు దగ్గర రంగుల పేర్లు వల్లించిన రోజొకటి అతనికి గుర్తొచ్చింది. ఆ పాఠం సగంలో పంచకల్యాణి గుర్రం వచ్చిందని ఎవరో చెబితే లేచి పరుగెత్తాడు. మళ్ళీ ఆ పాఠం దగ్గరికి వెళ్ళలేదు. కాపలావాళ్ళకు తెలియని మాట, తన శిష్యుడికి మాత్రం తప్పక తెలిసే మాట కావాలనుకుని ముసలాయన ఆ పాఠంలోంచే ఏరి పంపాడు.

ఈరమ్మ చెబుతూనే ఉంది. కోట వెనకవైపు తీగల మధ్య ఒక ఆకుపచ్చ వాకిలి ఉందని, పక్క చెట్ల ఆకు కోయడానికి వెళ్ళినప్పుడు తను చూసిందని, కొత్తవాళ్ళకు అది వాకిలని కూడా తెలియదని అంది. ఆ దారి తనకు చెప్పమని అరిందముడు అడిగాడు. ఎందుకని ఆవిడ అడిగింది. చెప్పక తప్పలేదు.

నిలబడి చెబితే సాగలేదు. నేల మీద కూర్చుని చెప్పాడు. తన పేరు, సభలో అన్న మాట, ఎర్ర వాకిలి, రాయైపోయిన కాళ్ళు, పరుగు, ఈ ఏడు రోజులూ తిన్న అన్నం, అన్నీ వరసగా చెప్పాడు. ఈరమ్మ వింటూ చేతిలో ఉన్న విస్తరి కుట్టడం పూర్తిచేసింది. దాన్ని మిగతావాటి మీద పెట్టింది.

“మా ఆయన మిమ్మల్ని ఏమైనా అడిగాడా, లోపలికి పోయేముందు?” అంది.

అప్పటిదాకా ‘నువ్వు’ అన్న నోరు ‘మీరు’ అంది. ఆవిడ తిట్టినా అరిందముడు అంతగా కుంగిపోయేవాడు కాదు.

“అడిగాడు. అర్థం కనుక్కుందామన్నాడు.”

“మీరేమన్నారు?”

ఏమన్నాడో అక్షరం మార్చకుండా చెప్పాడు. ఈరమ్మ లేచి చూరులోంచి ఆకు కోసే, కొక్కెం ఉన్న దోటి తీసుకుంది. రెండు పెద్ద ఆకుమోపులు కట్టి ఒకటి అతని ముందు పడేసింది. జటిలుడు ప్రతిరోజూ మధ్యాహ్నం కొండ అవతలి అగ్నిగుండంలో స్నానానికి పోతాడని, పొద్దు వాలేసరికి తిరిగివస్తాడని, ఇక ఆలస్యం చేయవద్దని అంది. అతని ముఖం చూడకుండానే ముందు నడిచింది.

బూడిదకొండ వెనక దారి దారి కాదు. నిలువెత్తు బండల మధ్య మేక పట్టేంత సందు. ఒకవైపు పాతాళానికి నోరు తెరిచినట్టున్న లోయ. ఆకాశంలో జటిలుడి ఇనుప ముక్కు రాబందులు వలయాలు తిరుగుతున్నాయి. అవి మనిషి నీడ కనబడితే చాలు, పిడుగుల్లా దిగి పుర్రె చీలుస్తాయి. ఈరమ్మ ఆకుమోపును తల మీంచి వీపు మీదికి జార్చుకుని నేలకు వంగి పాకసాగింది. అరిందముడూ అలాగే చేశాడు. పైనుంచి చూస్తే రెండు మోదుగ పొదలు కొండవాలున మెల్లగా కదులుతున్నట్టే ఉంటుంది.

సగం ఎక్కాక గాలి లేచింది. అరిందముడి మోపు కట్టు వదులై నాలుగు ఆకులు ఎగిరిపోయాయి. వాటి సందులోంచి అతని భుజం కనబడింది. ఒక రాబందు కీచుమంటూ దిగింది. ఇనుప ముక్కు భుజాన్ని తాకి మాంసం చీరింది. అరిస్తే మిగతావన్నీ దిగుతాయి. అతను పెదవి కొరుక్కుని నేలకు అతుక్కుపోయాడు. ఈరమ్మ దోటిని వెనక్కి ఒక్క తిప్పు తిప్పి, కొక్కేన్ని పక్షి కాలికి తగిలించి, లోయ వైపు విసిరింది. రాబందు రెక్క బండకు కొట్టుకుని కిందికి జారిపోయింది. ఈరమ్మ తన మోపులోంచి చారెడు ఆకులు తీసి అతని భుజం మీద కప్పి, మళ్ళీ పాకడం మొదలుపెట్టింది. అతను కృతజ్ఞత చెప్పడానికి సాహసించలేదు.

కోట వెనక గోడ వచ్చింది. అడవితీగలు, నాచు అల్లుకుపోయిన గోడ. వాటి మధ్య, వాటి రంగులోనే కలిసిపోయి, పెళ్ళిచీర లాంటి నిండు పచ్చ రంగు తలుపు. కెంపులు లేవు, గొళ్ళెం కూడా లేదు. అరిందముడు చెయ్యి వేస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఇంత సులువుగా తెరుచుకునే తలుపు ముందు అతని కాళ్ళు మాత్రం కాసేపు కదలలేదు. ఈసారి ముందు తనే గడప దాటాడు. పాదాలు పాదాల్లాగే ఉన్నాయి.

లోపల చీకటి సొరంగం, ఆ చివర ఇనుప ఊచల గది. ఊచల వెనక దేవరాతాచార్యుడు. చిక్కి సగమైపోయాడు. శిష్యుణ్ణి చూసి ముఖమంతా వెలుగు చేసుకుని, తన మాట అర్థం చేసుకుని సరైన వాకిటనే వచ్చావు నాయనా అన్నాడు. ఆ ప్రశంస అరిందముడి చెంప మీద దెబ్బలా తగిలింది. తను మొదట ఎటు వెళ్ళాడో, ఎవరు రాళ్ళైపోయారో చెప్పాడు. గురువు ముఖంలోని వెలుగు మెల్లగా ఆరిపోయింది.

“ఆ రోజు నిన్ను గుర్రం దగ్గరికి పోనిచ్చింది నేనే. రాజుగారి కొడుకువని ఊరుకున్నాను. ఇందులో నా పాలూ ఉంది,” అన్నాడాయన.

ఆ తర్వాత ఆయన ఆలస్యం చేయకుండా విరుగుడు చెప్పాడు. జటిలుడు చదివించిన తాళపత్రాల్లోనే అది ఉంది. ఎర్ర వాకిట రాయైనవాడు మళ్ళీ మనిషి కావాలంటే, ఎవరి మాట నమ్మి ఆ గడప దాటాడో అతనే వచ్చి, రాతి గుండె మీద చెయ్యి వేసి, వాడి సొంత పేరు పెట్టి పిలవాలి. తలా ఒకసారి. ఇంకేమీ అక్కర్లేదు.

ఇంత తేలికా అని ఈరమ్మ ఊపిరి పీల్చుకుంది. అరిందముడి నుదుట చెమట పట్టింది. దారి పొడవునా తన వెంట నడిచి, తన గుడారం వేసి, తన గుర్రానికి నీళ్ళు పెట్టిన పన్నెండుగురిలో అతనికి పేరు తెలిసినవాడు ఒక్కడు. ఆ ఒక్క పేరూ ఈ ఏడు రోజుల్లో, ఆ ఇంటి అన్నం తింటూ తెలుసుకున్నదే.

సొరంగం పక్కదారి ఎర్ర వాకిలి లోపలి ముంగిట్లోకి తీసుకుపోయింది. లోపలి నుంచి వచ్చినవాళ్ళ మీద ఆ నేల మంత్రం పారదు. పశ్చిమాన ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ ఎండలో పన్నెండు రాతి మనుషులు. వాళ్ళ భుజాల మీద అప్పుడే సన్నగా నాచు పట్టింది. ఈరమ్మ నేరుగా ముందువాడి దగ్గరికి వెళ్ళి, చీర కొంగుతో ఆ రాతి ముఖం మీది దుమ్ము తుడిచింది.

అరిందముడు ఆ రాతి ఛాతీ మీద చెయ్యి ఉంచాడు. “బయ్యన్నా,” అని పిలిచాడు.

రాతి లోపల ఎక్కడో ఒక చప్పుడు మొదలైంది. బూడిదరంగు పగిలి చర్మం కనబడింది. బయ్యన్న తూలి పడబోతే ఈరమ్మ పట్టుకుంది. అతను ముందు భార్యను చూశాడు. తర్వాత చినిగిన బట్టల్లో, రక్తం కారే భుజంతో నిలబడ్డ యువరాజును చూశాడు.

“వాకిలి ఇది కాదు కదూ, ప్రభూ.”

“కాదు.”

బయ్యన్న తల ఊపాడు, అంతే. మిగతావాళ్ళ పేర్లు తనకు చెప్పమని అరిందముడు అడిగాడు. అడుగుతుంటే అతని చెవులు మండిపోయాయి. బయ్యన్న ఒక క్షణం ఆశ్చర్యపోయి, యువరాజుకు వాళ్ళ పేర్లు తెలియవని గ్రహించి, చూపు పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరి ముందూ నిలబడి పేరు చెప్పాడు. అరిందముడు చెయ్యి వేసి పిలిచాడు. కటారి మల్లుడు, దండు పేరయ్య, చెవుడు కాస్త ఉన్న గుర్రాల సింగన్న, అన్నదమ్ములు లచ్చన్న, తిమ్మన్న. పిలిచిన ప్రతివాడూ కళ్ళు తెరిచి, తనను పేరు పెట్టి పిలిచినవాడు యువరాజని చూసి తడబడి దండం పెట్టబోయాడు. వద్దని అతను చేతులు పట్టుకున్నాడు. కొందరు ఆ చేతులు విడిపించుకున్నారు.

పదకొండుగురు లేచారు. వాళ్ళలో నలుగురు వెళ్ళి ఊచలు వంచి ఆచార్యుణ్ణి బయటికి తెచ్చారు. మిగిలింది ఒక్క రాయి. తల మీద గుడారం మూట, భుజం మీద నీళ్ళకావడి, వంగిన నడుము. ఏటి దగ్గర పిలుచుకున్న కూలివాడు.

బయ్యన్న అతని ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. సింగన్న వైపు చూశాడు. సింగన్న తిమ్మన్న వైపు చూశాడు. ఎవరికీ తెలియదు. నాలుగు రోజుల దారిలో అందరూ అతన్ని ‘ఒరేయ్’ అనే పిలిచారు. మొదట అలా పిలిచింది యువరాజే.

సరిగ్గా అప్పుడే కొండమీది రాబందులన్నీ ఒక్కసారిగా లేచాయి. పడమటి దారి మీద నల్లటి పొగ సుడి తిరుగుతూ పైకి వస్తోంది. జటిలుడు స్నానం ముగించి తిరిగివస్తున్నాడు. కోట పునాదులు అతని అడుగులకు అదిరాయి. గోడ మీది మట్టి రాలింది.

ఆచార్యుణ్ణి సింగన్న వీపుకెత్తుకున్నాడు. ఈరమ్మ సొరంగం దారి పట్టింది. ఒకరి వెనక ఒకరు లోపలికి దూరారు. అందరికంటే వెనకున్న బయ్యన్న సొరంగం నోటి దగ్గర ఆగాడు.

“మీరూ రండి, ప్రభూ.”

“మీరు పొండి. ఇతను ఇక్కడ ఉండగా నేను రాలేను,” అన్నాడు అరిందముడు.

బయ్యన్న అతన్ని చూశాడు. ఆ రాతి కూలివాణ్ణి చూశాడు. రెండోసారి పిలవలేదు. వెనుదిరిగి వెళ్ళిపోయాడు. సొరంగంలో అడుగుల చప్పుడు దూరమైంది.

ముంగిట్లో ఇద్దరే మిగిలారు. అరిందముడు మోకాళ్ళ మీద కూర్చుని, వంగి ఉన్న ఆ ముఖం తన ముఖానికి ఎదురుగా వచ్చేలా చూసుకున్నాడు. ఎడమ కనుబొమ మీద పాత గాయపు మచ్చ ఉంది. ఇన్నాళ్ళూ అది గమనించలేదు. ఛాతీ మీద చెయ్యి ఉంచాడు. తలా ఒకసారి పిలిస్తే చాలన్నాడు గురువు. ఒకే మనిషిని అనేక పేర్లతో పిలవకూడదని అయితే అనలేదు.

“కొమరయ్యా,” అన్నాడు. రాయి కదలలేదు. “ఎల్లన్నా. బాలిగా. నరసింగా.” హేలాపురి వీధుల్లో, గుర్రపుశాలలో, వంటశాలలో ఎవరో ఎవరినో పిలుస్తుంటే చెవిన పడి వదిలేసిన పేర్లన్నీ తవ్వుకుంటున్నాడు. “దానయ్యా. పోశెట్టీ.”

ఎర్ర వాకిలి గడియ బయటి నుంచి కిర్రుమంది. తలుపు సందులోంచి నల్లటి పొగ నేల మీదికి పాకి, అతని మడమలను తాకింది. కాళ్ళు చల్లబడ్డాయి.

అరిందముడు వెనక్కి తిరగలేదు. రాతి చెవికి ఇంకా దగ్గరగా వంగి మరో పేరు పిలిచాడు.